నీటిసీమలో చేపల వేపుడు

పిల్లలూ, గోదావరి రాజమహేంద్రవరం దాటి ధవళేశ్వరం చేరేసరికి అవతలి గట్టు కంటికి ఆనదు. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించి, 1852 నాటికి పూర్తిచేయించాడు. ఆ పాత ఆనకట్టకు బదులు ఇప్పుడు బ్యారేజీ ఉన్నది. అక్కడ బయలుదేరిన కాలువలు ఊరూరా తిరిగి చేలకు నీరిస్తాయి. దిగువన నది గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలి సముద్రానికి పోతుంది. ఏటిలో నీరు, కాలువలో నీరు, చెరువులో నీరు! నీరున్నచోట చేపలుంటాయి. చేపలున్నచోట పొయ్యిమీదికి మూకుడు ఎక్కుతుంది.

అయితే ఒక చిత్రం చూడండి. ఇంత నీటిసీమలో చేపలు వేయించే ఇల్లాలికి పని కల్పించేది నీరే. వేపుడు అంటే చేపలోని నీటిని పద్ధతిగా సాగనంపడం. పద్ధతి తప్పితే ఆ నీరే ఒళ్లు కాలుస్తుంది. ఆ సంగతి తెలుసుకునేముందు, ఏయే నీళ్లలో ఏయే చేపలున్నాయో చూస్తూ వసిష్ఠ వెంట దిగువకు పోదాం రండి.

ధవళేశ్వరం దిగువన పేరుపడ్డ చేప పులస. ఇది సముద్రంలో ఉన్నప్పుడు విలస. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అప్పుడు దానికి పులస అని పేరు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మావైపు సామెత. ఈమధ్య పులసలు బాగా తగ్గిపోయి, సామెత నిజమయ్యేంత ధర పలుకుతున్నాయి. పులసకు కొవ్వు ఎక్కువ, సన్నని ముళ్లు మరీ ఎక్కువ. అందుచేత మావాళ్లు దీన్ని వేయించరు, పులుసు పెడతారు. బెంగాలువారు మాత్రం ఇదే చేపను ఇలిష్ అని పిలిచి, ఆవనూనెలో వేయించుకుంటారు.

చేలగట్లకు పోతే కొరమీనులు, మట్టగిడసలు ఉంటాయి. ఇవి నీటిపైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలవు. అందుకే బుట్టలో వేసినా చాలాసేపు బతికి ఉంటాయి. పడమటివైపు భీమవరం, ఆకివీడు మీదుగా కొల్లేరుదాకా చేపల చెరువులే చెరువులు. అక్కడ పెంచే శీలావతి, బొచ్చె చేపల ముక్కలే నేడు చాలా ఇళ్లలో వేగుతున్నాయి. నరసాపురం దాటి ఉప్పునీరు, మంచినీరు కలిసేచోటికి వస్తే పండుగప్ప దొరుకుతుంది. చివరకు అంతర్వేది దగ్గర వసిష్ఠ సముద్రంలో కలుస్తుంది. ఇక అక్కడినుంచి చందువలు, వంజరాలు, కానాగంతలు.

ఏ నీటి చేప అయినా దాని మాంసంలో నాలుగు పాళ్లకు దాదాపు మూడు పాళ్లు నీరే. ఇప్పుడు వంటింట్లోకి పోదాం.

పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసిన తరువాత అమ్మ వాటిని పొడిగుడ్డతో అద్దుతుంది. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి, పైన కాస్త బియ్యప్పిండి చల్లుతుంది. ఎందుకో తెలుసా? నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. వేపుడుకు కాచిన నూనె 170, 180 డిగ్రీల వేడిమీద ఉంటుంది. నీరు నూనెకంటే బరువైనది గనుక, తడిముక్కనుంచి జారిన బొట్టు నూనె అడుగుకు దిగుతుంది. దిగీదిగగానే ఆవిరి అవుతుంది. బొట్టు ఆవిరి అయితే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది! అంత ఆవిరి ఒక్కసారిగా పైకి ఎగదన్నితే నూనె చిందక ఏమవుతుంది?

తడి అద్దిన ముక్క అట్లా చెయ్యదు. చిటికెడు పిండి వేస్తే వెంటనే బుడగలతో పైకి తేలిందంటే నూనె కాగిందన్నమాట. అప్పుడు ముక్కను మూకుడు అంచునుంచి మెల్లగా జార్చాలి. చుట్టూ లేచే బుడగలు నూనెవి కావు, ముక్కలోని నీటి ఆవిరివి. ఆవిరి బయటికి తోసుకువస్తున్నంతసేపు నూనె లోపలికి చొరబడలేదు. పైపొర ఎండి, ఎర్రబడి, కరకరలాడుతుంది. లోపల ఇంకా నీరు ఉన్నది గనుక అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, మాంసం మెత్తగా ఉడుకుతుంది.

ఆత్రపడి ముక్కలన్నీ ఒకేసారి వేస్తే నూనె చల్లబడుతుంది. ఆవిరి జోరు తగ్గి ముక్కలు నూనె పీలుస్తాయి. ముక్క వేగిందీ లేనిదీ చెవితోనే తెలుసుకోవచ్చు. మొదట జోరువాన చప్పుడు, నీరు తగ్గినకొద్దీ సన్నని చినుకుల చప్పుడు. అప్పుడు చిల్లుల గరిటెతో తీసి, వెంటనే నూనె ఓడ్చాలి. ముక్క చల్లారేటప్పుడు లోపలి ఆవిరి కుంచించుకుపోయి, పైనున్న నూనెను లోపలికి లాగుతుంది మరి!

ఇక మరచిపోరాని మాట. నూనె పొగలు కక్కుతుంటే పొయ్యి ఆర్పమని పెద్దలకు చెప్పండి. ఒకవేళ మూకుడులో మంట లేచినా, ఎంత భయమేసినా నీళ్లు పొయ్యకూడదు. చెంబెడు నీళ్లు పోస్తే, బొట్టు చేసిన పనే వేయింతలై మంట ఇల్లంతా చిమ్ముతుంది. పెద్దలు పొయ్యి ఆర్పి, మూకుడుమీద సరిపడ్డ లోహపు మూత పెట్టాలి. గాలి అందక మంట చస్తుంది. మూకుడును ఎత్తి బయటికి పరుగెత్తకూడదు. చల్లారేదాకా మూత తియ్యకూడదు.

మరి నూనె చిట్లి చెయ్యి కాలితే? వెన్న, సిరా, పళ్లపొడి ఏవీ పూయవద్దు. చెయ్యిమీద 20 నిమిషాలు చల్లని నీరు ధారగా పారనివ్వాలి. బొబ్బ పెద్దదైతే డాక్టరు దగ్గరకు పోవాలి. మంటమీద శత్రువైన నీరే గాయానికి మొదటి మందు!

ఈసారి మీ ఇంట్లో చేపలు వేయించేటప్పుడు మూకుడుకు నాలుగడుగుల దూరాన నిలబడి వినండి. జోరువాన ఎప్పుడు చినుకులుగా మారిందో అమ్మకంటే ముందు మీరు చెప్పగలరేమో చూడండి.