జీతం లేని చేతికి వెల కట్టడం

డాలస్ చుట్టుపక్కల రహదారులపై నిలువెత్తు ప్రకటనల్లో కనిపించే లాయర్ల ముఖాలు అక్కడి తెలుగువారికి ఎంత అలవాటైపోయాయో, ఆ ప్రకటనల వెనుక ఉన్న చట్టం అంత అపరిచితంగానే మిగిలిపోయింది. ఆ చట్టం అవసరమయ్యే రోజు వచ్చినప్పుడు, ముఖ్యంగా కూతురికి పురుడు పోయడానికి విజిటర్ వీసాపై వచ్చిన తల్లి ఎవరో నడిపిన కారు తగిలి చెయ్యి విరిగి మంచాన పడినప్పుడు, ఎదుటివారి బీమా కంపెనీ వేసే తొలి ప్రశ్నల్లో ఒకటి ఆమె నెల జీతం ఎంత అన్నది. జీతం లేదని చెప్పగానే ఆ గడిలో సున్నా పడుతుంది. తెల్లవారకముందే లేచి బాలింతకు పథ్యం వండి, పసిబిడ్డకు నూనె రాసి నలుగుపెట్టి నీళ్లుపోసి సాంబ్రాణి పొగ వేసి, పెద్ద మనవరాలికి జడ వేసి బడికి పంపే మనిషి చేతికి లెక్కలో సున్నా పడడం అన్యాయమని ప్రవాస తెలుగు సమాజం ఇకనైనా గట్టిగా చెప్పవలసి ఉంది.

అమెరికాలో ఇలాంటి గాయాల పరిహారం చాలావరకు టార్ట్ అనే న్యాయశాఖ కిందికి వస్తుంది. ఇద్దరి మధ్య ఒప్పందమేదీ లేకపోయినా ఒకరి తప్పు వల్ల మరొకరికి జరిగిన హానికి డబ్బు రూపంలో బదులు ఇప్పించే సివిల్ న్యాయమే టార్ట్. ఎదుటివారికి జాగ్రత్తగా ఉండవలసిన బాధ్యత ఉన్నదని, ఆ బాధ్యతను వారు తప్పారని, ఆ తప్పు వల్లనే గాయం అయిందని, ఆ గాయం వల్ల నష్టం కలిగిందని గాయపడినవారే రుజువు చేసుకోవాలి. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో ఇలాంటి దావాను సాధారణంగా రెండేళ్ల లోపు వేయాలి. గాయపడినవారి తప్పు కూడా కొంత ఉంటే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది, వారి వంతు సగానికి మించితే ఒక్క డాలరు కూడా రాదు. ఈ నియమాలు కఠినంగా కనిపించినా స్పష్టంగా ఉన్నాయి, అందరికీ ఒకేలా వర్తిస్తాయి, ఆ మేరకు వాటిని మెచ్చుకోవలసిందే.

చిక్కంతా నష్టాన్ని కొలిచే దగ్గర మొదలవుతుంది. చట్టం నష్టాన్ని రెండు భాగాలు చేస్తుంది: వైద్యం ఖర్చు, పోయిన జీతం, ముందుముందు పోబోయే సంపాదన వంటివి ఆర్థిక నష్టం, నొప్పి, మనోవేదన, రూపం చెడడం, శారీరక అశక్తత వంటివి ఆర్థికేతర నష్టం. మొదటి భాగానికి కాగితాలు ఉంటాయి, రెండో భాగానికి జ్యూరీ మనసో బేరసారాలో దిక్కు. ఉద్యోగం చేసే అల్లుడికి చెయ్యి విరిగితే పేస్లిప్పు చూపి పోయిన వారాల జీతం అణాపైసలతో సహా అడగవచ్చు. అదే ఇంట్లో అదే చెయ్యి అత్తగారికి విరిగితే చూపడానికి పేస్లిప్పు లేదు. వైద్యం ఖర్చు విషయంలోనూ ఆస్పత్రి బిల్లుపై ముద్రించిన మొత్తం కాకుండా నిజంగా చెల్లించినదో చెల్లించవలసి ఉన్నదో మాత్రమే లెక్కలోకి వస్తుందని టెక్సాస్ చట్టం చెబుతుంది కాబట్టి, ఆ దారిలోనూ లెక్క పెరగదు. ఇంటిపనికి విలువ ఉందని ఆ రాష్ట్ర న్యాయానికి తెలియకపోలేదు, ఎందుకంటే భార్య గాయపడినప్పుడు ఆమె చేసే ఇంటిపని అందకుండా పోయినందుకు భర్త విడిగా పరిహారం కోరవచ్చు. కూతురి ఇంట్లో తల్లి చేసే పని మాత్రం ఆ చట్రంలో సులువుగా ఇమడదు; ఆమె మంచాన పడ్డాక ఆయాను పెట్టుకున్న ఖర్చు కూతురిదే తప్ప గాయపడిన మనిషిది కాదని బీమా కంపెనీ వాదించడానికి చోటుంటుంది. మళ్లీ పేస్లిప్పే ప్రమాణమవుతుంది.

ఆ వ్యవస్థలో మెచ్చుకోదగ్గ మరో గుణం లాయరు ఫీజు పద్ధతి. గెలిస్తేనే ఫీజు అన్న ఒప్పందంపై, మామూలుగా వచ్చిన సొమ్ములో మూడో వంతు, దావా కోర్టుకెక్కితే నలభై శాతం దాకా తీసుకుంటూ, చేతిలో డబ్బు లేని మనిషి తరఫున కూడా పెద్ద కంపెనీతో పోరాడే లాయర్లు ఉండడం చిన్న విషయం కాదు. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోవచ్చునని 1977లో అమెరికా సుప్రీంకోర్టు అంగీకరించడం వల్లనే రహదారి బోర్డులు పుట్టుకొచ్చాయి. భారతదేశంలో బార్ కౌన్సిల్ నియమాలు ప్రకటనలనూ, ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడాన్నీ రెండింటినీ నిషేధించాయి. అయితే అమెరికా పద్ధతిలో వచ్చే సొమ్ములో వాటాయే ప్రతిఫలమైనప్పుడు జీతం లేని మనిషి కేసు చిన్నదిగా కనిపిస్తుంది, చిన్న కేసు వైపు పెద్ద లాయరు చూపు మళ్లదు. పైగా టెక్సాస్‌లో కారు యజమానికి తప్పనిసరి బీమా ఒక మనిషి గాయానికి 30,000 డాలర్లు మాత్రమే కావడంతో, శస్త్రచికిత్స జరిగితే ఆ మొత్తం ఆస్పత్రి గుమ్మం దాటదు.

పేస్లిప్పు లేనివారికి విలువ కట్టడం అసాధ్యమని చెప్పేవారు స్వదేశం వైపు ఒకసారి చూడాలి. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదానికి సంబంధించిన కేసులో 2001లో తీర్పు చెబుతూ, 34 నుంచి 59 ఏళ్ల మధ్య గృహిణుల సేవ విలువను నెలకు 3,000 రూపాయలుగా భారత సుప్రీంకోర్టు లెక్కగట్టింది. 2010లో మరో తీర్పులో, ఇంటిపని చేసే స్త్రీలను 2001 జనాభా లెక్కలు బిచ్చగాళ్లు, ఖైదీల వంటి వారితో కలిపి పని చేయనివారి వర్గంలో చేర్చడాన్ని తప్పుపట్టింది. 2021 జనవరిలో, ఢిల్లీ రోడ్డు ప్రమాదంలో మరణించిన దంపతుల కేసులో, పొన్నవరం గ్రామంలో పుట్టిన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాస్తూ, జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు 97 నిమిషాలే వెచ్చిస్తున్నారన్న 2019 నాటి ప్రభుత్వ సర్వేను ఉదహరించి, గృహిణికి ఊహాత్మక ఆదాయాన్ని, అంటే జీతం లేకపోయినా న్యాయం కోసం లెక్కలో చూపే ఆదాయాన్ని, నిర్ణయించడం ఆమె శ్రమను గుర్తించడమేనని చెప్పారు. అన్నీ అమెరికాలోనే గొప్పగా ఉన్నాయని నమ్మే ప్రవాసులు ఈ ఒక్క విషయంలోనైనా తల ఎత్తుకోవచ్చు.

అయినా ఈ పోలిక కొంత దూరమే వస్తుంది. ఆ తీర్పులు ప్రధానంగా మరణానికి సంబంధించినవి. అంతేకాక మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లలో కేసు తేలడానికి ఏళ్లు పడుతుందని తెలుగు జిల్లాల్లో తెలియనివారు లేరు. విరిగిన చేతుల్లో చాలా భాగం అసలు ఆ గుమ్మాలు ఎక్కలేదు, అవి తిరుపతికి దగ్గరలోని పుత్తూరుకు వెళ్లాయి. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డపీలికలతో విరిగిన ఎముకకు అక్కడ కట్టే కట్టు కోసం రాయలసీమ తల్లులు బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి తిరిగివచ్చి, మిగిలిన ఒంటి చేత్తోనే పొయ్యి రాజేసుకున్న తరం ఒకటుంది. ఇరుగుపొరుగువారు పచ్చళ్లూ కూరలూ పంపారు, చెల్లెలో ఆడపడుచో వచ్చి నెలరోజులు ఇల్లు నడిపింది. ఆ ఇళ్లలో పరిహారమన్న మాట వినబడలేదు గాని, తల్లి చెయ్యి ఆగిపోతే ఇంట్లో ఏమేమి ఆగిపోతాయో అందరికీ తెలుసు. డాలస్ శివారులో ఆ చెల్లెలూ లేదు, ఆ పొరుగూ లేదు. అక్కడ ఆ పని డబ్బిచ్చి చేయించుకోవలసిందే కనుక ఆ చేతికి వెల కట్టడం దురాశ అనిపించుకోదు, న్యాయమే అనిపించుకుంటుంది.

అందువల్ల ప్రమాదం జరిగిన ప్రతి తెలుగు ఇల్లు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. పోలీసు రిపోర్టు తీసుకుని అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఎదుటివారి బీమా కంపెనీ తరఫున నష్టాన్ని అంచనా కట్టే అడ్జస్టర్ ఫోన్ చేసి మాటలు రికార్డు చేస్తానంటే లాయరును సంప్రదించేదాకా ఆగాలి. రిలీజ్ అనే కాగితంపై, అంటే ఇచ్చిన సొమ్ముతో ఆ ప్రమాదంపై హక్కులన్నీ వదులుకుంటున్నామని ఒప్పుకొనే పత్రంపై, వైద్యం పూర్తికాకముందు సంతకం పెట్టకూడదు, ఎందుకంటే తర్వాత నొప్పి తిరగబెట్టినా మళ్లీ అడగడానికి దారి ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, డాక్టరు గదిలో బాగానే ఉందని మర్యాదకు చెప్పే అలవాటు మానుకుని, ఏ బరువు ఎత్తలేకపోతున్నారో, పసిబిడ్డను ఎత్తుకోగలుగుతున్నారో లేదో, ఏ పని ఎవరితో ఎంతిచ్చి చేయిస్తున్నారో తల్లి చేత చెప్పించి వైద్య రికార్డులో రాయించాలి. టెక్సాస్‌లో శారీరక అశక్తత నొప్పికి వేరుగా కోరదగిన నష్టం. దానికి రుజువు పేస్లిప్పు కానక్కరలేదు, ఆ రికార్డే రుజువు. తల్లి పనికి లెక్క ఉందని ముందు ఇంటివాళ్లు నమ్మి కాగితం మీద పెడితే తప్ప, పరాయి దేశపు బీమా కంపెనీ ఆ లెక్కను తనంతట తానుగా ఎన్నటికీ వేయదు.