చదరపు అడుగుల్లో లెక్కకు రాని చోటు

ఇళ్ళ గురించి మన రాజకీయం చదరపు అడుగుల్లోనే మాట్లాడుతుంది. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న కాలనీల ఇల్లు 340, అంతకు ముందటి టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015లో ఆర్థికంగా బలహీన వర్గాల పట్టణ ఇంటికి 30 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా అన్నది, అంటే సుమారు 323 అడుగులు. సభల్లో ఈ అంకెలు ఒకదానినొకటి వెక్కిరించుకోవడం ఏళ్ళ తరబడి వింటున్నాను. ఆ అంకెల లోపల మంచం ఎక్కడ పడుతుంది, బియ్యం డబ్బా ఎక్కడ ఉంటుంది, పదో తరగతి పిల్ల ఎక్కడ కూర్చుని చదువుకుంటుంది అని వేదిక మీద అడిగిన నాయకుణ్ణి మాత్రం ఇంతవరకు చూడలేదు.

ఈ ప్రశ్నలకు నాకు తెలిసిన మంచి జవాబు సూరత్‌లోని సలాబత్‌పురాలో ఒక అద్దె గది. తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్ళిన పద్మశాలీలు ఆ నగరంలో ఎంతమంది ఉన్నారంటే, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుంది. లింబాయత్ వైపు ఎక్కువమంది స్థిరపడ్డారు. మా చిన్నమ్మ వాళ్ళు మాత్రం రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లకు నడిచి వెళ్ళవచ్చునని సలాబత్‌పురాలో ఆగిపోయారు. గది పదడుగులు, పన్నెండడుగులు. మనుషులు ఆరుగురు.

ఆ గదిలోకి అడుగుపెట్టిన వారికి ఇరుకు తోచేది కాదు. కారణం సులువు: పగలు నేల మీద ఏమీ ఉండేది కాదు. పాత ఇల్లు కావడంతో కప్పు ఎత్తుగా ఉండేది, అందులో సగం మేరకు కర్ర అటక. గుజరాతీలు దాన్ని మాళియు అంటారు. పరుపు చుట్టలు, ఇత్తడి బిందెలు, ఊరి నుంచి తెచ్చుకున్న సందుగ అన్నీ దాని మీదే. గోడ పొడవునా గూళ్ళు, మూలకు ఒక దండెం. ఒకే ఒక మడత మంచం, అదీ పగలు గోడకు నిలబడి ఉండేది. రాత్రి కొడుకూ కోడలూ ఉండే వైపుకు తీగ మీద ఒక పల్చని సూరత్ చీర అడ్డంగా జారేది. ఉదయానికి ఆ గోడ ఉండదు. ఒకసారి, కుర్చీలు కొనరాదా చిన్నమ్మా అంటే, "కుర్సీలు మనుషుల కోసమా, గోడల కోసమా బిడ్డా?" అన్నది.

ఈ నేర్పు ఆమెకు ఏ గృహాలంకరణ పత్రిక నుంచీ రాలేదు. చేనేత ఇంట్లో పుట్టిన వాళ్ళకు తెలుసు: పెద్ద గది గుంట మగ్గానిది, మిగిలినది మనిషిది. ఆ మిగిలిన దాన్ని వంటకూ నిద్రకూ పురుడుకూ పెళ్ళిచూపులకూ వేళలు పంచి వాడుకోవడం తరాలుగా అబ్బిన విద్య.

గుమ్మం ముందు అరుగు ఉండేది, గుజరాతీలో దాన్ని ఓట్లో అంటారు (తెలుగు చెవికి ఎన్నికల మాటలా వినబడుతుంది). సాయంత్రం ఇంట్లో సగంమంది అక్కడే. అయితే అరుగు గదిలో భాగం కావాలంటే వీధి కూర్చోదగినదిగా ఉండాలి. 1994 సెప్టెంబరులో ప్లేగుకు బెదిరి జనం పారిపోయిన నగరం అది. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించి, వీధులు ఊడ్పించి నగరం రూపు మార్చిన కథ పాలనా శాస్త్రం చదివే వారందరికీ తెలిసిందే. ఆ ఊడ్చిన వీధి ఎన్ని వేల గదులకు ఒక్కో అరుగును తిరిగి ఇచ్చిందో ఎవరూ లెక్కగట్టలేదు.

తరువాత మా తమ్ముడికి ఊరి చివర ఒక పథకం కింద ఫ్లాటు వచ్చింది. కాగితం మీద పాత గదికి రెండున్నర రెట్లు. గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు నిజంగానే విశాలంగా ఉన్నది. ఏడాదికి మళ్ళీ వెళితే తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు, వెనుక సోఫా ఉన్నది. హాలు అని పేరు పెట్టారు కనుక వాయిదాల మీద సోఫా వచ్చింది, పడకగది అన్నారు కనుక డబుల్ కాట్ వచ్చింది. మా మరదలు ఇంటి దగ్గర చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. చీరకు ఇంత అని కూలి. ఐదున్నర మీటర్ల చీర పరచడానికి నేల కావాలి. సోఫా వచ్చిన నాటి నుంచి చీరను మడతలు మార్చి మార్చి అంటించవలసి వచ్చింది, రోజు కూలి తగ్గింది. ఆరు నెలలు ఓర్చుకుని ఆమె సోఫా అమ్మేసింది. దాని చోట రెండు బొంతలు, గోడకు బిగించి దించుకునే ఒక చెక్క పలక. కూతురు దాని మీదే చదువుతున్నది.

చిన్న ఇంటిని పెద్దగా చూపించే చిట్కాలు మరదలు కొన్ని ప్రయత్నించింది. అద్దం కిటికీకి ఎదురుగా పెడితే వెలుగు రెట్టింపయింది, అలమరాకు ఎదురుగా పెడితే సామాను రెట్టింపయింది. పొయ్యి పక్కనే ఉన్న తెల్లరంగు ఏడాదిలో బూడిదరంగయింది. పాత గదిలో ప్రతి దీపావళికీ వేసే సున్నమే నయమని తేల్చింది. గుజరాత్ ఇళ్ళలో కనిపించే హీంచ్‌కో, అంటే ఊయల బల్ల, వేయాలని ఆమె కోరిక. నేలను తాకని ఆసనం, రాత్రికి కొక్కెం విప్పి గోడకు ఆనించవచ్చు. కానీ స్లాబులో కొక్కెం లేదు.

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను నిర్వచిస్తూ లోపలి అడ్డుగోడలను కలుపుకున్నది, బాల్కనీని, వరండాను మినహాయించింది. అంటే చిన్నమ్మ ఇంట్లో రాత్రికి పుట్టి పొద్దున మాయమయ్యే చీర గోడకు లెక్కలో చోటు లేదు. కదలని ఇటుక గోడ మాత్రం 'విస్తీర్ణం' అవుతుంది. అరుగు ఇంట్లోకి రానే రాదు. ఎత్తు సంగతీ అంతే: జాతీయ నిర్మాణ నియమావళి నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు చెప్పింది, చౌక ఇళ్ళలో ఆ కనీసమే గరిష్ఠంగా మారుతుంది. అంత ఎత్తులో అటక వేస్తే దాని కింద మనిషి తల వంచుకోవాలి. 2011 జనగణనలో దాదాపు 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో ఉన్నాయని తేలింది. ఆ గదికి అటక ఉన్నదా, అరుగు ఉన్నదా అని ఎవరూ అడగలేదు.

ఆవాస్ యోజన రెండో దశ 2024 సెప్టెంబరులో మరో కోటి పట్టణ కుటుంబాల పేరిట మొదలైంది. విస్తీర్ణం పెంచమని అడగడం న్యాయమే, అడగాలి కూడా. భూమి ధర చూపి అది కుదరదంటారు. కానీ స్లాబు పోసేటప్పుడు నాలుగు ఇనుప కొక్కేలు వేయడానికి, ఒక గోడ పొడవునా సజ్జ దించడానికి, మెట్ల దగ్గర నలుగురు కూర్చునే గట్టు కట్టడానికి భూమి అక్కరలేదు. నమూనా చిత్రం గీసేముందు ఆ ఇళ్ళలో పని చేసుకునే ఆడవాళ్ళను పిలిచి, చీర ఎక్కడ పరుస్తావమ్మా అని అడిగితే సరిపోతుంది.