శిఖరం మీద రెండో పేరు

ఎవరెస్ట్ ఎత్తు 8,849 మీటర్లు. అంత ఎత్తుకు మనిషిని చేర్చేది గుండెధైర్యం ఒక్కటే కాదు. నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్‌లో ఏటా షెర్పాలే ముందుగా వెళ్లి, నోరు తెరిచిన మంచు పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు పరిచి, తాళ్లు బిగిస్తారు. డబ్బు కట్టి వచ్చినవారు ఆ దారిని కొద్దిసార్లే దాటితే, గుడారాలూ ఆక్సిజన్ సిలిండర్లూ మోసేవారు పదేపదే దాటాలి. 2014 ఏప్రిల్ 18న అక్కడ మంచుచరియ విరిగిపడి చనిపోయిన 16 మందీ నేపాలీ శ్రామికులే. అందుకే శిఖర విజయాన్ని ఒక్కరి పేరునే రాయడం అన్యాయమని నా నమ్మకం.

కూలి ముట్టింది కదా అనవచ్చు. ఆ కూలి మోసిన బరువుకు. పణంగా పెట్టిన ప్రాణానికి వెల కట్టగల షరాబు లేడు. ఇలా మాట్లాడితే ఎక్కినవారి సాహసం చిన్నబోతుందనీ అనవచ్చు. చిన్నబోదు. అదే ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అడుగులు ముమ్మాటికీ ఆమెవే. దారి వేసిన చేతులను తలచుకున్నంత మాత్రాన అలాంటి ఘనత తరగదు, నిండుతుంది. శిఖరం ఫొటో కింద షెర్పా పేరు కూడా అచ్చుకావాలి.