చిన్న పడవలో కెంట్ ద్వీపానికి

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న మా తమ్ముడి ఇంటికి చేరిన మరునాటి ఉదయం, ఫజ్ర్ నమాజ్ ముగించి కిటికీ తెర తొలగించాను. వాకిట్లో కారు పక్కన ఒక తెరచాప పడవ నిలిచి ఉంది. కనుచూపు మేరలో నీళ్లు లేవు. ఇనుప ట్రైలరు మీద పట్టీలతో బిగించి ఉన్న ఆ పడవపై, పొడవాటి అల్యూమినియం తెరచాప కొయ్యను ముందు నుండి వెనుక దాకా పడుకోబెట్టారు.

నేను బందరులో పుట్టి పెరిగినవాణ్ణి. కుతుబ్ షాహీల కాలంలో అరబ్బు తీరాలకు ఓడలు బయలుదేరిన రేవు అది. పడవలు నాకు కొత్త కావు. అయితే నేనెరిగిన పడవలు జాలరుల జీవనాధారాలు. నెల జీతం మీద బ్రతికే మనిషికి విహారం కోసం సొంత పడవ ఎందుకన్న సందేహం నన్ను వదలలేదు. దుబారా ఎంత నింద్యమో ఇద్దరం ఒకే తండ్రి వద్ద నేర్చుకున్నాం. ఆ మాటే అడిగాను. తమ్ముడు నొచ్చుకోలేదు.

“భాయిజాన్, శనివారం మీరూ మాతో రండి. తిరిగి వచ్చాక ఇదే ప్రశ్న మళ్లీ అడగండి” అన్నాడు.

రోడ్డు మీద వెళ్లే పడవ

ఆ పడవ పేరు కాటలీనా 22. కాలిఫోర్నియాకు చెందిన ఫ్రాంక్ బట్లర్ 1969లో దీనికి రూపకల్పన చేశాడు. ఆ తర్వాత ఈ రకం పడవలు 15,000కు పైగా తయారయ్యాయి. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు. రోడ్డు మీద లాక్కెళ్లడానికి ప్రత్యేక అనుమతి అవసరం లేనంత వెడల్పు మాత్రమే. బరువు సుమారు ఒక టన్ను. తమ్ముడు దీన్ని ఎన్నో చేతులు మారిన తర్వాత, ఒక పాత కారు ధరకు కొన్నాడు. రేవులో నిలిపి నెలనెలా అద్దె కట్టే పని లేదు. దాని చోటు వాకిలే.

తెరచాప పడవకు అడుగున లోతుగా దిగే బరువైన కీల్ ఉండాలి. గాలి తెరచాపను పక్కకు నెట్టినప్పుడు పడవ పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేది, ఒరిగినప్పుడు మళ్లీ నిలబెట్టేది అదే. కాని స్థిరంగా ఉండే లోతైన కీల్ గల పడవను ట్రైలరు మీదికి ఎక్కించడం కష్టం. ఈ పడవలో ఆ చిక్కును తీర్చిన తీరు నన్ను ఆకట్టుకుంది. దాని కీల్ 550 పౌండ్ల, అంటే దాదాపు 250 కిలోల పోత ఇనుము. ఒక ఇరుసు మీద ఊగేలా అమర్చి, ఉక్కు తీగతో కట్టారు. లోపల కూర్చుని పిడి తిప్పితే అది పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. దించినప్పుడు పడవకు 5 అడుగుల లోతు నీరు కావాలి, ఎత్తినప్పుడు 2 అడుగులు చాలు.

లోపలి గదిలో నలుగురు పడుకోవచ్చు. కప్పును కొద్దిగా పైకి లేపితే తప్ప నిటారుగా నిలబడలేము. ఒక చిన్న పొయ్యి, నీళ్ల డబ్బాలు, దుప్పట్లు, ఖుర్‌ఆన్ ప్రతి, చాపలు. అంతకు మించి చోటు లేదు. మరదలు మూడు సంచులు సర్ది, ఒక సంచి తిరిగి ఇంట్లో పెట్టేసింది. మా ఇళ్ల నిండా పేరుకున్న సామాను నాకు గుర్తుకు వచ్చింది.

అనాపొలిస్ రేవు

శుక్రవారం సాయంత్రం తమ్ముడు నన్ను కారులో అనాపొలిస్ తీసుకువెళ్లాడు. చెసపీక్ అఖాతం ఒడ్డున ఉన్న ఈ పాత పట్టణం మేరీలాండ్ రాజధాని. నడిబొడ్డున ఉన్న రేవులో ఇప్పుడు విలాస నౌకలు బారులు తీరి ఉంటాయి. ఒకప్పుడు ఆఫ్రికా నుండి గొలుసులతో తెచ్చిన మనుషులను దింపిన రేవు కూడా ఇదే. ‘రూట్స్’ రచయిత అలెక్స్ హేలీ పిల్లలకు చదివి వినిపిస్తున్నట్లు ఉన్న కంచు విగ్రహం అక్కడ ఉంది. ఆయన నవలలోని కుంటా కింటే దిగిన చోటు ఇదేనని తెలిపే స్మారకం అది.

అయితే తమ్ముడు చెప్పదలచుకున్నది మరొకరి గురించి. అయ్యూబ్ బిన్ సులైమాన్ దియాల్లో పశ్చిమ ఆఫ్రికాలోని బుందు ప్రాంతానికి చెందిన పండిత కుటుంబీకుడు. గాంబియా నదీతీరానికి పనిమీద వెళ్లినప్పుడు శత్రువుల చేతికి చిక్కి, ‘అరబెల్లా’ అనే ఓడకు అమ్ముడుపోయాడు. 1731లో అనాపొలిస్‌లో దిగాడు. అఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న కెంట్ ద్వీపంలో ఒక పొగాకు తోట యజమాని ఆయనను కొన్నాడు. పొగాకు పనికి శరీరం తట్టుకోకపోవడంతో పశువులు కాచే పని అప్పగించారు.

నమాజ్ వేళ అయితే ఆయన పశువులను వదిలి అడవిలోకి వెళ్లేవాడు. ఒక తెల్లజాతి బాలుడు అక్కడికి వచ్చి వెక్కిరిస్తూ, నమాజ్‌లో ఉన్న మనిషి ముఖాన మట్టి చల్లేవాడు. చివరకు ఆయన పారిపోయి పట్టుబడి, జైలుపాలయ్యాడు. అక్కడ థామస్ బ్లూయెట్ అనే న్యాయవాది ఆయనను చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. మద్యం ఇస్తే తిరస్కరించాడు. అల్లాహ్ పేరు, ముహమ్మద్ (స) పేరు పలికాడు. వచ్చినవారికి ఆయన ముస్లిం అని తెలిసింది అలాగే. తర్వాత ఆయన తన తండ్రికి అరబీలో రాసిన ఉత్తరం చేతులు మారి, జార్జియా వలసరాజ్య స్థాపకుడు ఓగిల్‌తోర్ప్ వద్దకు చేరింది. ఆ ఉత్తరమే విముక్తికి దారి తీసింది. 1733లో బ్లూయెట్‌తో కలిసి ఇంగ్లండు చేరిన దియాల్లో, తన జ్ఞాపకం నుండే ఖుర్‌ఆన్ ప్రతులు మూడు రాశాడు. 1734లో పశ్చిమ ఆఫ్రికాకు తిరిగి చేరుకున్నాడు. విలియం హోర్ చిత్రించిన ఆయన రూపచిత్రంలో మెడలో ఖుర్‌ఆన్ వేలాడుతూ ఉంటుంది.

“రేపు మనం వెళ్లేది ఆ ద్వీపం దగ్గరికే” అన్నాడు తమ్ముడు.

అఖాతం మీద

శనివారం ఉదయం శాండీ పాయింట్ ఉద్యానం వద్ద, నీటిలోకి వాలుగా దిగే కాంక్రీటు ర్యాంపు చేరాం. ముందు విశాలమైన చోట ఆగి కొయ్యను నిలబెట్టారు. పాదం దగ్గర కీలు ఉన్న ఆ కొయ్యను తమ్ముడు భుజంతో ఎత్తుతుంటే, మరదలు ముందు నుండి తాడు లాగింది. అంతకు ముందు పదకొండేళ్ల వారి కూతురు తల పైకెత్తి చుట్టూ చూసి, “కరెంటు తీగలు లేవు అబ్బా” అని చెప్పింది. ఆ మాట ఆ పిల్ల చెప్పనిదే కొయ్య లేవకూడదన్నది వారి ఇంటి నియమం. ట్రైలరు వెనక్కి నీటిలోకి దిగింది. అంతవరకు టన్ను బరువున్న పడవను ఆ పిల్ల ఒక్క తాడుతో పట్టి నిలిపింది.

చెసపీక్ అఖాతం దాదాపు 200 మైళ్ల పొడవు ఉన్నా, సగటు లోతు 21 అడుగులే. పెద్ద ఓడలు బాల్టిమోర్ వెళ్లడానికి తవ్విన కాలువ దాటితే, చాలా చోట్ల నీరు పలుచన. ఎర్ర ఇటుకల పాత దీపస్తంభాన్ని కుడివైపు వదిలి, ఆ కాలువ దగ్గర ఆగి చూశాం. సరుకు ఓడ ఒకటి వంతెన కింది నుండి వస్తోంది. అది మాకోసం ఆగలేదు, పక్కకూ తప్పుకోలేదు. తప్పుకోవలసింది మేమే. అది వెళ్లేదాకా వేచి, తర్వాత దాటాం. దక్షిణాన 4.3 మైళ్ల పొడవైన వంతెన మీద కార్లు చీమల బారులా సాగుతున్నాయి. అదే దూరాన్ని అవి కొద్ది నిమిషాల్లో దాటుతాయి. మాకు గంటన్నర పట్టింది.

నైరృతి గాలి వెనుక నుండి అందింది. మరదలు చుక్కాని పట్టింది. వేగం పెరగగానే పడవ అడుగు నుండి సన్నని ఝంకారం మొదలైంది. భయపడ్డాను. నీటి ఒరవడికి కీల్‌ను పట్టి ఉంచిన ఉక్కు తీగ కంపించడం వల్ల వచ్చే ధ్వని అట. ఈ రకం పడవలన్నింటికీ ఉన్నదే. “మన పడవ తస్బీహ్ చేస్తోంది బడే అబ్బా” అంది ఆ పిల్ల.

ద్వీపపు ఉత్తర కొసన ఉన్న లవ్ పాయింట్ చుట్టి, తూర్పు వైపుకు వచ్చాం. తమ్ముడు పిడి తిప్పుతూ కీల్‌ను ఎత్తాడు. పెద్ద పడవలు రాలేనంత దగ్గరగా, తీరంలోని చెట్లు ఒక్కొక్కటిగా కనిపించే చోట లంగరు వేశాం. నేడు అవి ఇళ్ల మధ్య మిగిలిన చెట్లు. దియాల్లో నిలిచిన అడవి ఏదో ఎవరు చెప్పగలరు? అయినా వాటిని చూడకుండా ఉండలేకపోయాను.

గాలి మారింది

జుహ్ర్ వేళ అయింది. బకెట్‌తో నీరు తోడితే అందులో తెల్లని జెల్లీ చేప వచ్చింది. వేసవిలో ఈ నీటి నిండా అవే, తాకితే మంట పుడుతుంది. దాన్ని మెల్లగా వదిలి మళ్లీ తోడాం. సముద్ర జలం శుద్ధమైనదని దైవప్రవక్త (స) తన సహచరులకు తెలిపిన విషయాన్ని మరదలు కూతురికి వివరిస్తుండగా వుజూ చేశాను.

బందరులో పడమటికి తిరిగే ముఖం ఇక్కడ ఈశాన్యానికి తిరగాలి. లంగరు వేసిన పడవ గాలికి ఎదురుగా నిలుస్తుంది. గాలి నైరృతి నుండి వీస్తోంది కనుక పడవ ముందు భాగం నైరృతికి, వెనుక భాగం సరిగ్గా ఈశాన్యానికి ఉంది. కూర్చునే బల్లల మధ్య ఇరుకైన చోట చాప పరచి, చుక్కాని పిడి పైకెత్తి, ఒకరి తర్వాత ఒకరం వెనుక వైపుకు తిరిగి నమాజ్ చేశాం. నేను చేస్తుండగా పక్క నుండి ఒక మోటారు పడవ వెళ్లింది. అందులోని వృద్ధుడొకడు మమ్మల్ని చూసి వేగం తగ్గించాడు. అల రాకూడదని కాబోలు.

భోజనాలయ్యాక పిల్ల అడిగింది: “బడే అబ్బా, అయ్యూబ్ గారు నది దగ్గరికి ఏం పని మీద వెళ్లారు?”

నేను తప్పించుకోవాలని చూశాను. తమ్ముడు నన్నే చూస్తున్నాడు. “కాగితం కొనడానికి” అన్నాను. తర్వాత మిగతాది కూడా చెప్పాను. “ఇద్దరు మనుషులను అమ్మడానికి కూడా.”

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. “మరి వాళ్లకు ఉత్తరం రాయడం వచ్చా?” అంది.

నా వద్ద సమాధానం లేదు. బానిసలకు విముక్తి కలిగించడాన్ని మహా పుణ్యకార్యంగా దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధ చేరిన ఇళ్లలో కూడా మనుషులు సరుకుగా మారారు. గొలుసుల్లో పడిన విద్వాంసుణ్ణి మనం గుర్తు పెట్టుకున్నాం, మంచిదే. పేర్లు కూడా మిగలని ఆ ఇద్దరి కోసం దుఆ చేయాలన్న ఆలోచన నా జీవితంలో ఆ పిల్ల వల్లే కలిగింది.

సాయంత్రం అయిదు గంటలకు వాయవ్యాన మబ్బు నల్లబడింది. ఇక్కడి వేసవిలో ఉరుముల గాలివాన మామూలే. తమ్ముడు లంగరు తాడు మరింత వదిలాడు. తెరచాపలను అప్పటికే బిగించి కట్టాం. అందరం లోపలికి వెళ్లాం. గాలి వచ్చి పడగానే పడవ గిరుక్కున తిరిగి ఒరిగింది. లంగరు ఒకసారి జారి మళ్లీ పట్టింది. అరగంట సేపు కలిమా తప్ప నా నోట మరో మాట రాలేదు. నలుగురం కూర్చున్న గదిలో కిటికీ ఉంది, వెలుగు ఉంది, పక్కన నావాళ్లున్నారు. గొలుసులతో ఓడ అడుగున నెలల తరబడి సముద్రం దాటినవారిని తలచుకున్నాను. నా భయం నాకే చిన్నదిగా తోచింది.

వాన వెలిసింది. అస్ర్ వేళ దాటకముందే నమాజ్ చేయాలి. అయితే గాలి ఇప్పుడు వాయవ్యం నుండి మెల్లగా వీస్తోంది. పడవ ముందు భాగం అటు తిరిగింది. ఖిబ్లా పడవకు కుడిపక్కకు వచ్చింది. ఆ ఇరుకులో అడ్డంగా తిరిగి సజ్దా చేయడానికి చోటు లేదు. అవకాశం లేనప్పుడు కూర్చుని చేసినా చెల్లుతుందని అన్నాను.

“అవకాశం ఉంది భాయిజాన్” అన్నాడు తమ్ముడు. మరో తాడు తీసి లంగరు తాడుకు ముడివేసి, రెండో కొసను పడవ వెనుక భాగానికి తెచ్చాడు. లంగరు తాడును కొంత వదిలి, ఈ తాడును లాగి బిగించాడు. పడవ నెమ్మదిగా, గాలికి అడ్డంగా తిరగసాగింది. పిల్ల దిక్సూచి చూస్తూ “ఇంకా, ఇంకా... చాలు అబ్బా” అంది. పడవ వెనుక భాగం మళ్లీ ఈశాన్యానికి వచ్చి నిలిచింది. తడి చాప మీద అస్ర్ చేశాం. మూడు వందల ఏళ్ల క్రితం ఈ ద్వీపంలో ఒక మనిషి ఖిబ్లా వైపు తిరగడానికి చెట్ల చాటుకు పోవలసి వచ్చింది. మేము ఎవరి అనుమతీ అడగకుండా పడవనే తిప్పుకున్నాం. ఆ సజ్దాలో ఎక్కువసేపు ఉండిపోయాను.

మరునాడు మధ్యాహ్నానికి పడవ మళ్లీ వాకిట్లో ఉంది. తమ్ముడు గొట్టం పట్టి ట్రైలరు చక్రాలకు అంటిన ఉప్పునీటిని కడుగుతున్నాడు.

“భాయిజాన్, ఆ ప్రశ్న మళ్లీ అడుగుతానన్నారు కదా?” అన్నాడు.

“లంగరు తాడుకు ఆ ముడి ఎలా వేశావు? నాకూ నేర్పు” అని తాడు చేతికి తీసుకున్నాను.