రెండు పళ్ళు తగ్గిస్తే

గార్లదిన్నెలో హైవే దిగి పెనకచర్ల డ్యాం రోడ్డు పట్టుకుని పోతే మా చీనీతోట వస్తుంది. ఇంటి నుంచి ఆరు కిలోమీటర్లు. అందులో చివరి కిలోమీటరున్నర మట్టిదారి, మధ్యలో ఒక వంక. వానొస్తే నీళ్ళు, రాకపోతే ఇసుక. మా ఇంట్లో నెల రోజులు నడిచిన చర్చంతా ఆ వంక దిగి ఎక్కడం గురించే.

నిరుడు అమ్మకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కర్ర పట్టుకుని నడుస్తోంది గానీ, బండి వెనక కూర్చోలేదు. ఆటోవాళ్ళు తారురోడ్డు దాకా వస్తారు, వంకలోకి దిగమంటే దండం పెడతారు. అలా ఏడు నెలలు ఆమె తోట మొహం చూడలేదు. మా తోటలో మోటారు వేసేది, మందు కొట్టేది నాయన. ఏ చెట్టుకి ఎప్పుడు నీళ్ళు పెట్టాలి, దేనికి ఎండు మొదలైంది, కాపుని వ్యాపారికి ఎప్పుడు చూపించాలి అని చెప్పేది మాత్రం అమ్మ. నాయన ఫోన్లో వీడియో తీసుకొచ్చి చూపిస్తే, "ఇందులో ఆకు తిప్పి సూడ్డానికి అయితాదా?" అనేది. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు.

నాయన దగ్గర పాత బులెట్ 350 ఉంది. దానికి సైడ్‌కార్ తగిలిద్దామన్న ఆలోచన ఆయనదే. ఒకప్పుడు స్కూటర్లకీ బులెట్లకీ పక్కబండి కట్టుకుని ఇంటిల్లిపాదీ సినిమాకి పోయేవాళ్ళని మా పెద్దవాళ్ళు చూశారు. చిన్న కార్లు వచ్చాక అవి తగ్గిపోయాయి. కానీ చట్టం వాటిని మరిచిపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటార్ సైకిల్ నిర్వచనం చదివితే, ఊడదీయగలిగే సైడ్‌కార్, దాని అదనపు చక్రం కూడా అందులోనే ఉన్నాయి. అయినా బండిలో మార్పు చేస్తే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి, బీమా వాళ్ళకి చెప్పాలి. ఆ కాగితాల పని నేను చూశాను. సైడ్‌కార్ బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో దొరికింది.

అసలు చిక్కు బరువు దగ్గర వచ్చింది. బండి సుమారు 165 కిలోలు, నాయన 70. అంటే ఇన్నాళ్ళూ ఇంజిన్ లాగింది 235 కిలోలు. సైడ్‌కార్ 85, అమ్మ 60 కలిపితే 380. బరువు 60 శాతం పెరిగింది, ఇంజిన్ మాత్రం పాతదే. వంక గట్టెక్కేటప్పుడు ఫస్ట్ గేర్‌లో కూడా క్లచ్ సగం పట్టి ఈడ్చుకురావాలి. మా ఊరి ఏప్రిల్ ఎండలో రోజూ అలా చేస్తే క్లచ్ ప్లేట్లు ఎన్నాళ్ళో ఉండవు.

దీనికి మందు చైన్ స్పాకెట్. గేర్‌బాక్సు దగ్గర చిన్న పళ్ళచక్రం, వెనక చక్రానికి పెద్దది ఉంటాయి. మా బండికి వెనక 38 పళ్ళు, ముందు 18. అంటే వెనక చక్రం ఒక్కసారి తిరగాలంటే ముందుది 2.11 సార్లు తిరగాలి. ముందుది 16 పళ్ళది వేస్తే 2.375 సార్లు తిరగాలి. లాగే బలం ఎనిమిదో వంతు పెరుగుతుంది, అంటే 12.5 శాతం. అదే ఇంజిన్ వేగానికి బండి వేగం తొమ్మిదో వంతు తగ్గుతుంది. ముందు 60లో పోయేది ఇప్పుడు 53లో పోతుంది. ఇంజిన్‌కి కొత్తగా బలమేం రాలేదు. వేగం ఇచ్చి బలం తెచ్చుకున్నాం, అంతే.

ఫిలిప్పీన్స్‌లో మన ఆటోల్లాగా సైడ్‌కార్ కట్టిన మోటార్ సైకిళ్ళే ఊళ్ళలో తిరుగుతాయి. అక్కడ బరువు కోసం వెనక స్పాకెట్ పెద్దది వేయడం మామూలు. పాత బులెట్‌కి ఆ దారి లేదు. వెనక పళ్ళు బ్రేక్ డ్రమ్ముతో కలిపే పోత పోసి ఉంటాయి. మార్చాలంటే ముందుదే మార్చాలి.

నాయన ఒప్పుకోలేదు. ఆ 18 పళ్ళ స్పాకెట్ కంపెనీ నుంచి వచ్చింది కాదు. పెళ్ళికి ముందు, బెంగళూరు రోడ్డు మీద ఇంజిన్ అరవకుండా 80లో పోవాలని ఆయన ఏరికోరి వేయించుకున్నది. "బులెట్‌ని ఎద్దులబండి సేస్తామా?" అన్నాడు. నేను కాగితం మీద లెక్క చూపించాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు పొద్దున అమ్మ, "ఎద్దులబండైనా కట్టు, నేను పోవల్ల," అంది. ఆ మధ్యాహ్నమే బండి అనంతపురం పాతూరులో మెకానిక్ భాయ్ దగ్గరికి చేరింది.

పని పూట పట్టింది. బులెట్‌లో ఆ చిన్న స్పాకెట్ క్లచ్ వెనకాల దాక్కుని ఉంటుంది. ఎడమ ఫుట్‌రెస్ట్ తీయాలి, ఆయిల్ దించి పక్క మూత ఊడదీయాలి, ప్రైమరీ చైను, క్లచ్ మొత్తం బయటికి రావాలి, లోపలి మూత కూడా తీస్తే గానీ అది కనబడదు. చైను కూడా కొత్తది వేయించాం. అరిగిన చైను కొత్త పళ్ళని తొందరగా తినేస్తుంది. భాయ్ ఇంకో మాట చెప్పాడు: "చిన్న చక్రం మీద చైను ఎక్కువ వంగుతాది సామీ. నూనె మర్చిపోవద్దండి." స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి దాని లెక్క తప్పలేదు.

60 శాతం పెరిగిన బరువుకి 12 శాతం బలం ఎక్కడ సరిపోతుందని మీరు అడగొచ్చు. సరిపోదు. మిగతాది నడిపేవాడు ఇవ్వాలి, వేగం మీద ఆశ వదులుకోవాలి. సైడ్‌కార్ ఉన్న బండి వంగదు. హ్యాండిల్ తిప్పే మలుపు తిరగాలి. యాక్సిలేటర్ ఇస్తే ఎడమకి లాగుతుంది, బ్రేక్ వేస్తే కుడికి లాగుతుంది. ఎడమ మలుపులో తొందరపడితే పక్కచక్రం పైకి లేస్తుంది. నాయన వారం రోజులు సైడ్‌కార్‌లో ఇసుక మూటలు వేసుకుని, అమ్మ లేకుండా, ఆ దారిలోనే తిరిగాడు. ముప్పై ఏళ్ళుగా బులెట్ నడిపే మనిషి మళ్ళీ నేర్చుకున్నాడు. స్పాకెట్ మార్చడం వల్ల ఇంకో లాభం కూడా ఆయనే కనిపెట్టాడు. వంకలోకి దిగేటప్పుడు గేర్‌లోనే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతోంది, బ్రేకుల మీద భారం తగ్గింది.

అమ్మ తోటకి పోయిన మొదటి రోజే పదకొండు చెట్ల దగ్గర డ్రిప్ పైపు ముక్కులు మూసుకుపోయాయని పట్టేసింది. ఉప్పునీళ్ళ బోరు, అది మామూలే. పైపులో నీళ్ళు పోతున్నాయి కాబట్టి నాయన చూసుకోలేదు. ఆ చెట్ల ఆకులు ముడుచుకున్నాయి గానీ కొమ్మ ఎండలేదు. ఇంకో నెల పోయుంటే చెట్లే పోయేవి. ఆ రోజు ఇద్దరూ సాయంత్రం దాకా పిన్నీసుతో ముక్కులు పొడుస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పోతోంది. లీటరుకి 32 ఇచ్చే బండి 25 ఇస్తోంది. హైవే మీద లారీలన్నీ దాటిపోతాయి. నాయన తీయించిన ఆ 18 పళ్ళ స్పాకెట్‌ని నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. మళ్ళీ ఎప్పుడు వేస్తావని అడిగితే, "మీ అమ్మని అడుగు," అంటాడు.