కాలరెగరేసిన కెప్టెన్

చెన్నేకొత్తపల్లిలో చెనక్కాయ పీకేసిన చేలో ఆడనీ, ధర్మవరం వీధిలో ఆడనీ... బ్యాటు పట్టుకున్న కుర్రాడు ముందుగా చేసే పని ఒకటుంది. చొక్కా కాలర్ పైకెత్తడం! ఎవర్ని చూసి నేర్చుకున్నావురా అని ఒకప్పుడు అడిగితే ‘అజారుద్దీన్’ అని ఠక్కున చెప్పేవాళ్లు. కానీ అజర్ పుట్టకముందే హైదరాబాద్ మైదానాల్లో ఓ కాలర్ లేచి నిలబడింది. మెడలో రుమాలు, పట్టు చొక్కా, నలగని ప్యాంటు, తొణకని నడక... ఆయన పెవిలియన్ మెట్లు దిగి వస్తుంటే, ఆట సంగతి తర్వాత, ముందు ఆ రాకను చూడాలని జనం లేచి నిలబడేవారట. ఆయనే ఎం.ఎల్. జయసింహ. సోకులరాయుడని చాలామంది అనుకున్న ఈ మనిషి చరిత్రలో నిలిచింది మాత్రం సోకుతో కాదు... ఓపికతో!

పదిహేనేళ్లకే రంజీలోకి

1939 మార్చి 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు జయసింహ. మారేడ్‌పల్లి కుర్రాళ్లతో కలిసి బ్యాటు పట్టాడు. పదిహేనేళ్ల వయసులో, తోటివాళ్లు పరీక్షల గురించి బెంగపడుతుంటే, ఈయన హైదరాబాద్ తరఫున రంజీ ఆడేశాడు. ఎదుటి జట్టు ఆంధ్ర. తొలి మ్యాచ్‌లోనే 90 పరుగులు కొట్టాడు. బంతితో వికెట్లూ తీశాడు. అక్కడి నుంచి టెస్టు జట్టు దాకా రావడానికి అయిదేళ్లు కూడా పట్టలేదు. 1959లో ఇంగ్లండ్‌పై ఆడిన తొలి టెస్టు... లార్డ్స్‌లో! ఇరవై ఏళ్ల కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి?

బ్యాటింగ్ ఒక్కటే కాదు, మీడియం పేస్‌తో కొత్త బంతీ పంచుకునేవాడు. టెస్టుల్లో బ్యాటింగ్, బౌలింగ్ రెండూ తానే ప్రారంభించిన సందర్భాలున్నాయి. ఫీల్డింగ్‌లోనూ చురుకే.

అయిదు రోజులూ ఆయనే

1960 జనవరి. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు. జయసింహకది రెండో మ్యాచ్. తొలిరోజు చివర్లో, లోయర్ ఆర్డర్‌లో క్రీజులోకి వచ్చాడు. రెండోరోజు 20 పరుగులతో నాటౌట్‌గా మిగిలాడు. మూడోరోజు సాయంత్రం మళ్లీ ప్యాడ్లు కట్టుకోవాల్సి వచ్చింది. నాలుగోరోజు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా క్రీజు వదల్లేదు. ఆ రోజంతా కలిపి చేసింది 59 పరుగులే! అయిదో రోజు 74 దగ్గర ఔటయ్యాడు. మ్యాచ్ డ్రా అయింది. అలా టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేసిన తొలి ఆటగాడయ్యాడు. ఆ తర్వాత మనవాళ్లలో ఈ ఘనత సాధించింది 1984లో రవిశాస్త్రి, 2017లో చతేశ్వర్ పుజారా. చిత్రమేమిటంటే వాళ్లిద్దరూ ఆడింది కూడా ఆ ఈడెన్‌లోనే.

అదే ఏడాది డిసెంబరులో కాన్పూర్‌లో పాకిస్థాన్‌పై ఎనిమిది గంటలకు పైగా కాపుకాశాడు. సెంచరీకి ఇంక ఒక్క పరుగు... రనౌట్! 99 దగ్గర, అంత కష్టపడి అలా వెనుదిరిగితే ఎవరికైనా కాళ్లు చల్లబడతాయి. ఆయన ఆట మాత్రం ఆగలేదు. తర్వాత టెస్టుల్లో మూడు సెంచరీలు చేశాడు.

కబురొచ్చాక... విమానమెక్కి

ఆ మూడింట్లో చివరిది ఓ కథే. 1967-68 ఆస్ట్రేలియా పర్యటనకు ఎంపిక చేసిన జట్టులో ఆయన పేరు లేదు. మనవాళ్లు మొదటి రెండు టెస్టులూ ఓడారు. గాయాలతో జట్టు తల్లడిల్లుతుంటే రమ్మని కబురొచ్చింది. బయల్దేరి వెళ్లాడు. సాధన చేయడానికి సరైన వ్యవధి కూడా లేదు. బ్రిస్బేన్ టెస్టులో తొలి ఇన్నింగ్స్‌లో 74 కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్యం 395. జయసింహ 101 చేశాడు. జట్టు 355 దగ్గర ఆగిపోయింది. 39 పరుగుల తేడాతో ఓటమి. గెలిచి ఉంటే ఆ ఇన్నింగ్స్‌ను ఇళ్లలో పండగలా చెప్పుకొనేవాళ్లం. ఓడినా దాన్ని మర్చిపోనివాళ్లున్నారు.

కప్పు దక్కని నాయకుడు

హైదరాబాద్ జట్టుకు ఆయన 16 సీజన్లు కెప్టెన్. భారత జట్టు కెప్టెన్ పటౌడీ అంతటివాడు హైదరాబాద్‌కు ఆడినప్పుడు, ‘ఇక్కడ నిలబడు’ అంటే నిలబడింది జయసింహ మాటకే. అబ్బాస్ అలీ బేగ్, అబిద్ అలీలాంటి హేమాహేమీలూ ఉన్నారు. ఇంతమంది ఉండీ రంజీ ట్రోఫీ మాత్రం ఆయన చేతికి రాలేదు. 1964-65లో ఫైనల్ దాకా వెళ్లి బొంబాయి చేతిలో ఓడారు. ఆ రోజుల్లో బొంబాయి వరసగా 15 ఏళ్లు ట్రోఫీ ఎగరేసుకుపోయిన జట్టు మరి! హైదరాబాద్ మళ్లీ గెలిచింది 1986-87లో. అప్పటికి జయసింహ రిటైరై పదేళ్లు. టెస్టు జట్టుకు కెప్టెన్సీ కూడా ఆయన గుమ్మందాకా రాలేదు.

39 టెస్టుల్లో 2,056 పరుగులు, సగటు ముప్పై. ఫస్ట్‌క్లాస్‌లో 13 వేలకు పైగా పరుగులు, 33 సెంచరీలు, నాలుగొందలకు పైగా వికెట్లు. అంకెలు చూస్తే గొప్పేనా అంటే గొప్పే, కానీ ఆకాశాన్నంటేవి కాదు. చివరిగా టెస్టు ఆడింది 1971 వెస్టిండీస్ పర్యటనలో. అక్కడ మనకు తొలిసారి సిరీస్ దక్కింది. అదే సిరీస్‌లో ఓ పొట్టి కుర్రాడు టెస్టుల్లో అడుగుపెట్టి, పరుగుల వరద పారించాడు. ఆ కుర్రాడు సునీల్ గవాస్కర్. ఆట మానేశాక కొన్నేళ్లు జాతీయ సెలక్టర్‌గా పనిచేసిన జయసింహ 1999 జులైలో, అరవయ్యో ఏట కన్నుమూశాడు.

గవాస్కర్‌కు కొడుకు పుట్టినప్పుడు తనకిష్టమైన ముగ్గురు ఆటగాళ్లను గుర్తుచేసుకున్నాడు. రోహన్ కన్హాయ్, జయసింహ, విశ్వనాథ్. ఆ ముగ్గురి పేర్లూ కలిపి కొడుక్కి పెట్టుకున్నాడు... రోహన్ జైవిశ్వ అని. కప్పులు అల్మరాలో ఉంటాయి. వాటిమీద దుమ్ము పడుతుంది. పేరు అలా కాదు. ఓ తండ్రి పొద్దున్నే లేచి కొడుకుని పిలిచిన ప్రతిసారీ అందులో సికింద్రాబాద్ కుర్రాడు కూడా పలుకుతాడు. జయసింహ కాలర్ ఎగరేసుకోవడానికి ఈ ఒక్కటి చాలదూ!