డ్రమ్ములు వాయించేవాళ్లు లేని బృందం

యంగ్ మార్బుల్ జెయింట్స్ బృందంలో మనుషులు ముగ్గురే. స్టువర్ట్ మాక్సమ్ గిటారు, అతని సోదరుడు ఫిలిప్ బేస్ గిటారు, ఆలిసన్ స్టాటన్ పాట. వేదిక మీద వాళ్లతోపాటు ఒక టేప్ రికార్డరు ఉండేది. బటన్ నొక్కితే అందులోంచి టిక్కు టిక్కుమని తాళం వచ్చేది. ముగ్గురూ దానికి లోబడి నడవాలి. ఊపు వచ్చిందని లయ పెంచడానికి లేదు, జనం ఈలలు వేస్తున్నారని ఇంకాస్త సాగదీయడానికి లేదు. టేపు ఆగితే పాట అయిపోయినట్టే.

ఆ తాళం బజారులో కొన్న యంత్రానిది కాదు. మాక్సమ్ సోదరుల బంధువు పీటర్ జాయిస్ టెలిఫోన్ ఇంజినీరు, ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణం. సొంతంగా సింథసైజరు తయారుచేసుకున్నాడు, తాళం వేసే పెట్టె కూడా చేశాడు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఎలక్ట్రానిక్స్ పత్రికలు సర్క్యూట్ల పటాలు అచ్చువేసేవి. విడిభాగాలు తెప్పించుకుని, ఇంట్లో బల్ల మీద టంకం వేసుకుంటూ కూర్చునేవాళ్లు ఊరూరా ఉండేవారు. ఆ రోజులు పోయాయి. ఆ పెట్టె చప్పుడు మాత్రం ఈ పాటల్లో ఉండిపోయింది. డ్రమ్ములా గదంతా నిండేది కాదు, పక్కగదిలో ఎవరో ఏదో పని చేసుకుంటున్నట్టు వినిపించే చిన్న శబ్దం.

బృందం పుట్టింది 1978లో, వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. ఒకప్పుడు ప్రపంచానికి బొగ్గు పంపిన రేవు అది. 1964లో బొగ్గు ఎగుమతి ఆగింది. ఊరి అంచున ఈస్ట్ మూర్స్ ఉక్కు కర్మాగారం మిగిలింది. అదీ 1978లోనే మూతపడి, వేలమంది పనులు పోయాయి. వీళ్ల ఆల్బం ‘కలాసల్ యూత్’ 1980 ఫిబ్రవరిలో వచ్చేనాటికి బ్రిటన్ అంతటా ఉక్కు కార్మికుల సమ్మె నడుస్తోంది. జనవరి 2న మొదలైన ఆ సమ్మె ఏప్రిల్ దాకా సాగింది. ఆల్బంలో ఉక్కు గురించి గానీ సమ్మె గురించి గానీ ఒక్క పాట లేదు. వెలితిలో బతకడం తెలిసిన ఊరి నుంచి వచ్చిన రికార్డు అని మాత్రం నాకు విన్న ప్రతిసారీ అనిపిస్తుంది. ఇది విమర్శకులకు నచ్చే మాట కాకపోవచ్చు.

1979లో కార్డిఫ్ బృందాల పాటలతో ఒక సంకలనం వచ్చింది. అందులో వీళ్లవి ఉన్నాయి. అవి విని లండన్‌లోని రఫ్ ట్రేడ్ కబురు చేసింది. రఫ్ ట్రేడ్ మొదట ఒక రికార్డుల దుకాణం. 1976లో జెఫ్ ట్రావిస్ లండన్ పశ్చిమాన లాడ్‌బ్రోక్ గ్రోవ్ వైపు తెరిచాడు. రెండేళ్లకు అదే సొంతంగా రికార్డులు వేయడం మొదలుపెట్టింది. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా, చిన్న దుకాణాలు ఒకదానికొకటి రికార్డులు అందించుకునే ఏర్పాటు అలా అల్లుకుంది. 1980 జనవరి నుంచి ఈ చిన్న కంపెనీల అమ్మకాలకు వేరే పట్టిక కూడా మొదలైంది. ఇండీ రాక్ అని మనం ఇవాళ తేలిగ్గా అనేస్తున్నది ఆ రోజుల్లో ఒక సంగీత శైలి కాదు, సరుకు చేతులు మారే పద్ధతి.

మధ్య వేల్స్ కొండల్లో ఫోయెల్ అనే స్టూడియో. నడిపేది హాక్‌విండ్ బృందంలో ఒకప్పుడు బేస్ వాయించిన డేవ్ ఆండర్సన్. అక్కడ ఐదు రోజుల్లో ఆల్బం మొత్తం ముగించారు. చాలా పాటలకు ఒకటి రెండు ప్రయత్నాల్లోనే సరిపోయింది. డబ్బు లేకపోవడం అలా ఉంచి, దిద్దుకోవడానికి అసలు అక్కడ ఏమీ లేదు. వీణలు, వయొలిన్లు, వెనక గొంతులు పరిచిన రికార్డుకైతే నెలలు పడుతుంది. ఇది చుక్కలు పెట్టి, గీత చూసేవాళ్లకే వదిలేసిన ముగ్గు.

స్టువర్ట్ తీగెలను అరచేతి అంచుతో నొక్కిపట్టి మీటుతాడు. మోగాల్సిన తీగ మోగదు, పొడిగా టపటపలాడుతుంది. అంటే తాళంలో సగం పని గిటారే చేస్తోందన్నమాట. అసలు రాగం ఫిలిప్ బేస్‌లో ఉంటుంది. అక్కడక్కడ ఒక చిన్న ఆర్గన్. వీటి మధ్య ఆలిసన్ గొంతు. గమకం లేదు, ఆవేశం లేదు, ఏడుపు లేదు. వంటింట్లో పని చేసుకుంటూ తనకోసం తాను పాడుకునే మనిషి గొంతు అది. పాటలు దాదాపు అన్నీ స్టువర్ట్ రాసినవి. వాటిలో చాలామట్టుకు ప్రేమ చెడిన మగవాడి బాధ. తనే పాడాలని మొదట్లో అతనికి ఉండేదట. అతను పాడి ఉంటే అవి మామూలు విరహగీతాలు అయ్యేవని నా నమ్మకం. వేరొకరి దుఃఖాన్ని ఒక అమ్మాయి ఉత్తరం చదివినట్టు వినిపించడం వల్లే వాటికి ఆ చలువ వచ్చింది.

పదిహేను పాటలూ మేలిమి అనను. ‘ది టాక్సీ’ లేకపోయినా ఏమీ పోదు. ‘సలాడ్ డేస్’, ‘బ్రాండ్ న్యూ లైఫ్’ మాత్రం దశాబ్దాలు గడిచినా పాతబడలేదు. చివర వచ్చే ‘విండ్ ఇన్ ది రిగ్గింగ్’లో మాటల్లేవు.

ఆల్బం వచ్చిన కొన్ని నెలలకు ‘ఫైనల్ డే’ అనే చిన్న రికార్డు వేశారు. రెండు నిమిషాలైనా ఉండని పాట, అణుయుద్ధం వచ్చిన రోజు గురించి. పాట పొడవునా సన్నటి స్వరం ఒకటి ఆగకుండా మోగుతుంది. కీబోర్డు మీట పైకి లేవకుండా సందులో అగ్గిపుల్ల ఇరికించారు, అంతే ఆ కిటుకు. అదే ఏడు మే నెలలో బ్రిటిష్ ప్రభుత్వం అణుదాడి నుంచి ఇంటిని కాపాడుకోవడం ఎలాగో చెబుతూ ఒక పుస్తకం అమ్మకానికి పెట్టింది. తలుపులు ఊడదీసి గోడకు ఏటవాలుగా ఆనించి వాటి కింద తలదాచుకోమంది, కిటికీలకు తెల్లరంగు పూయమంది. ఆ పుస్తకం కన్నా ఈ పాటే నిజం చెప్పింది. మరుసటి ఏడాది అణుక్షిపణులకు వ్యతిరేకంగా గ్రీనమ్ కామన్ వైమానిక స్థావరానికి ఆడవాళ్ల పాదయాత్ర బయల్దేరింది కూడా కార్డిఫ్ నుంచే.

1981లో ‘టెస్ట్‌కార్డ్’ పేరుతో మాటల్లేని ఆరు చిన్న సంగీతపు ముక్కలు వచ్చాయి. కార్యక్రమాలు లేని వేళల్లో బీబీసీ టెస్ట్‌కార్డ్ అనే ఒక బొమ్మ చూపించేది. నల్లబల్ల ముందు ఒక చిన్నపిల్ల, పక్కన జోకరు బొమ్మ, చుట్టూ కొలతల గీతలు, వెనక ఏదో తేలికపాటి సంగీతం. 1967లో మొదలైన ఆ బొమ్మ లక్షల ఇళ్లలో గంటలకొద్దీ వెలిగేది. 1997లో బీబీసీ రాత్రంతా వార్తలు వేయడం మొదలుపెట్టాక దానికి చోటు లేకుండా పోయింది. దూరదర్శన్ మొదలయ్యే ముందు రంగుల చారలకు ఎదురుగా, ఆ కూతను భరిస్తూ కూర్చున్న మన తరానికి ఆ ఆరు ముక్కలు ఎవరూ వివరించనక్కర్లేదు. ఏమీ రాని టీవీ కూడా ఒక కాలక్షేపమే అప్పట్లో.

ఆ రికార్డు బయటికి వచ్చేసరికే బృందం చీలుతోంది. 1980 ఆగస్టులో జాన్ పీల్ రేడియో కార్యక్రమానికి పాడారు, అమెరికా పర్యటన చేశారు, విడిపోయారు. రెండో ఆల్బం లేదు. ఆలిసన్ ‘వీకెండ్’ అనే బృందంతో పాడింది. స్టువర్ట్ ‘ది జిస్ట్’ పేరుతో చేసిన ఒక పాటను ఎతియెన్ దఓ అనే ఫ్రెంచి గాయకుడు తన భాషలోకి తీసుకున్నాడు. తర్వాత స్టువర్ట్ ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్’ సినిమా యానిమేషన్ బొమ్మలకు రంగులు వేసే పనికి వెళ్లాడు. 1988లో ఆ సినిమా ప్రపంచమంతా ఆడింది. అది చూసినవాళ్లలో ‘కలాసల్ యూత్’ విన్నవాళ్లు ఎందరుంటారు?

అరుపులకూ హోరుకూ పేరుపడ్డ అమెరికన్ రాక్ గాయకుడు కర్ట్ కొబేన్ తన డైరీలో రాసుకున్న ఇష్టమైన రికార్డుల జాబితాలో ఇది ఉంది. 1994లో అతని భార్య కోర్ట్‌నీ లవ్ బృందం హోల్ ఇందులోని ‘క్రెడిట్ ఇన్ ది స్ట్రెయిట్ వరల్డ్’ను పెద్ద రొదతో పాడింది. చాలామంది అటువైపు నుంచి వెనక్కి నడిచి దీన్ని చేరారు.

నాకు పరిచయమయ్యేసరికి బృందం విడిపోయి పాతికేళ్లు దాటింది. 2007లో డొమినో కంపెనీ మిగతా రికార్డులు కూడా కలిపి మళ్లీ విడుదల చేసింది. ఇప్పుడు దొరకడం కష్టమేమీ కాదు. అన్నీ కలిపిన సంచికతో కాకుండా ముందు అసలు ఆల్బం పదిహేను పాటలే వరసగా వినండి. అంతా కలిపి నలభై నిమిషాలు కూడా పట్టదు.